ప్రాసెసర్ చివర కొనండి

కంప్యూటరు సొంతంగా కట్టుకుందామనుకునేవాళ్లు ముందు ఒక జాబితా రాసుకుంటారు. అందులో మొదటిది ప్రాసెసర్, రెండోది గ్రాఫిక్స్ కార్డు, మూడోది రంగుల లైట్లున్న అద్దాల కేబినెట్. భాగాలన్నిటికీ కరెంటు అందించే ఎస్ఎంపీఎస్ అట్టడుగున ఉంటుంది. యూపీఎస్ పేరు చాలా జాబితాల్లో అసలు కనిపించదు. ఎర్తింగ్ మాట ఎవరికీ గుర్తే రాదు. ఆ కాగితాన్ని కింద నుంచి పైకి చదవమని నా సలహా. అట్టడుగున ఉన్నది ముందు కొనాలి, నెత్తిన ఉన్నది ఆఖరున కొనాలి.

ఇది తప్పుడు సలహా అని చాలామంది అంటారు. లోకమంతా ప్రాసెసర్‌తోనే మొదలుపెట్టమంటుంది. అలా చెప్పేవాళ్ల ఊళ్లో గోడలోంచి వచ్చే కరెంటు రోజంతా ఒకేలా ఉంటుందేమో, గాలి పొడిగా ఉంటుందేమో. మనది ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఆకివీడు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు, చుట్టూ కనుచూపు మేర చేపల చెరువులు, రొయ్యల చెరువులు. మే నెలలో 40 డిగ్రీల ఎండ, ఆ తర్వాత నెలల తరబడి వదలని ముసురూ తేమా. మీరు కట్టే మెషీన్ ఈ కరెంటు మీద, ఈ గాలిలో బతకాలి. రొయ్య పిల్లను వదిలే ముందు రైతు చెరువు నీటి ఉప్పదనమూ పీహెచ్చూ చూస్తాడు కానీ, పిల్ల కొనుక్కొచ్చాక నీళ్ల సంగతి ఆలోచించడు. అదే వరుస ఇక్కడా పాటించమంటున్నాను.

గోడతో మొదలుపెట్టండి

డబ్బు చేతికి రాగానే కంప్యూటర్ల కొట్టుకు వెళ్లకండి. ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెషీన్ పెట్టబోయే చోట ప్లగ్గును మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య కూడా దాదాపు అంతే చూపాలి. న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య 2, 3 వోల్టులకు మించకూడదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య మీటరు సరైన అంకె చూపకపోతే మీ ఇంట్లో మూడో రంధ్రం అలంకారానికే ఉంది, దాని వెనక వైరు లేదు, లేదా ఎక్కడో తెగింది. పాత ఇళ్లలో ఇది సర్వసాధారణం.

కంప్యూటర్ కేబినెట్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందని చాలా ఇళ్లలో చెబుతారు. చెప్పులేసుకుని కూర్చోమనీ, కింద రబ్బరు పట్టా వేసుకోమనీ సర్దుబాట్లు కూడా చెబుతారు. ఆ జివ్వుమనడానికి కారణం ఉంది. ఎస్ఎంపీఎస్ లోపల కరెంటులోని చెత్తను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ బాడీకి కలిపి ఉంటాయి. అవి పంపే కొద్దిపాటి కరెంటు ఎర్త్ వైరు గుండా భూమిలోకి పోవాలి. ఎర్త్ లేకపోతే అది కేబినెట్ రేకు మీదే నిలబడుతుంది, రేకు మీద సరఫరాలో దాదాపు సగం వోల్టేజీ కనిపిస్తుంది. ఆ కరెంటు మనిషిని చంపేంత పెద్దది కాదు. కానీ అదే రేకుకు మదర్‌బోర్డు తగిలించి ఉంటుంది, దానికే పెన్‌డ్రైవ్, ప్రింటరు, టీవీ కేబుల్ గుచ్చుతుంటాం. పోర్టులు కాలిపోయేది ఇలాంటి ఇళ్లలోనే. చెప్పులు మీ కాళ్లను కాపాడతాయి, బోర్డును కాపాడవు. ఎర్త్ పిట్ తవ్వించండి. కొల్లేరు వైపు భూమిలో నీరు పైకే ఉంటుంది కాబట్టి ఎర్తింగ్ బాగానే దొరుకుతుంది. అయితే ఉప్పు నేలలో ఇనుప పైపు తొందరగా తుప్పు పడుతుంది, రెండు మూడేళ్లకొకసారి మళ్లీ కొలిపించాలి. పనిలో పనిగా, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. అది కంప్యూటరు కోసం కాదు, ఇంట్లో పిల్లల కోసం.

ఆ తర్వాత వోల్టేజీ. మధ్యాహ్నం ఒకసారి కొలిచి సరే అనుకోవద్దు. రాత్రి 8 గంటలకు ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలవండి. చెరువులో నాచు పగలు ఎండకు ఆక్సిజన్ తయారుచేస్తుంది, రాత్రి తనే పీల్చుకుంటుంది. అర్ధరాత్రి దాటినప్పటి నుంచి తెల్లారేదాకా నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. రొయ్యలు తేలిపోకుండా ఆ వేళ చెరువుగట్ల మీది ఏరేటర్లన్నీ తిరుగుతుంటాయి. మీ ఇల్లు అదే లైను చివర ఉంటే బల్బు మసకబారడం మీరు చూసే ఉంటారు. పరీక్షల ముందు రాత్రిళ్లు మేలుకుని పనిచేసే పిల్లవాడి మెషీన్‌కు పనివేళా అదే, గడ్డువేళా అదే.

కాబట్టి యూపీఎస్ ముందు కొనండి. ప్రాసెసర్ కంటే ముందు, అసలు ఏ భాగం కంటే కూడా ముందు. డబ్బా మీద ఎన్ని వీఏ అని పెద్దక్షరాల్లో ఉంటుంది, దాన్ని చూసి మోసపోవద్దు. 600 వీఏ యూపీఎస్ సాధారణంగా ఇచ్చేది 360 వాట్లు. అంతకంటే ముఖ్యమైన అంకె చిన్నక్షరాల్లో ఉంటుంది: ఎంత తక్కువ వోల్టేజీ దాకా బ్యాటరీని ముట్టకుండా సర్దుకోగలదు అని. అది 180 దగ్గరే ఆగిపోయే రకమైతే లో వోల్టేజీ వచ్చిన ప్రతి రాత్రీ బ్యాటరీ మీదికి దిగుతుంది, బ్యాటరీ ఏడాది కూడా రాదు. 140, 150 దాకా సర్దుకునేది వెతకండి.

ఎస్ఎంపీఎస్‌కు డబ్బు పోయండి

కేబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే ఎస్ఎంపీఎస్‌ను వాడొద్దు. దాని మీద 450 వాట్లని రాసి ఉంటుంది. పక్కనే ఉన్న పట్టికలో 12 వోల్టుల గడి చూడండి. అక్కడ 16 ఆంపియర్లని ఉంటే 12 ఇంటూ 16, అంటే 192 వాట్లే. ఇవాళ్టి కంప్యూటర్లో ప్రాసెసరూ గ్రాఫిక్స్ కార్డూ తాగేది దాదాపు అంతా ఆ 12 వోల్టుల లైను నుంచే. అక్కడ 30 ఆంపియర్లు ఉంటే 360 వాట్లు నికరంగా వస్తాయి. ఈ గుణకారం చెయ్యడం వస్తే కొట్లో ఎవరూ మిమ్మల్ని మోసం చెయ్యలేరు.

రెండో గుర్తు, లోపలికి తీసుకునే వోల్టేజీ 100 నుంచి 240 అని రాసి ఉండటం. అలా ఉన్నది లో వోల్టేజీలో కూడా ఆగకుండా నడుస్తుంది. వెనక 115, 230 అని ఎర్ర మీట ఉన్న పాతరకం ఆ పని చెయ్యలేదు. మూడో గుర్తు, కరెంటు ఎంత తక్కువ వృథా చేస్తుందో చెప్పే 80 ప్లస్ ముద్ర. 2004లో మొదలైన ఆ పరీక్షలో కనీసం బ్రాంజ్ వచ్చినదైతే చాలు, గోల్డ్ కోసం అప్పు చెయ్యక్కర్లేదు. ఇంకో సంగతి. మంచి ఎస్ఎంపీఎస్‌లు కొన్ని, చవక యూపీఎస్ బ్యాటరీ మీదికి మారిన క్షణంలో తట్టుకోలేక ఆగిపోతాయి. యూపీఎస్ ముందే కొనమనడానికి అదీ ఒక కారణం. కొత్త ఎస్ఎంపీఎస్‌ను దానికి తగిలించి, ప్లగ్గు పీకి చూసి, నిలబడితేనే ఉంచుకోండి.

ఆ ఎస్ఎంపీఎస్‌ను ఏ మెషీన్‌కు తగిలించి చూడాలంటారా? దానికే కింది సలహా.

చచ్చిపోయిన కంప్యూటరు కొనండి

కొత్త భాగాలు ముట్టుకునే ముందు ఒక పాత డెస్క్‌టాప్ ఇంటికి తెచ్చుకోండి. నడవకపోయినా పరవాలేదు, నడవకపోతే మరీ మంచిది. ఇప్పుడు అవి దొరకడం సులువు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న మెషీన్లు విండోస్ 11కు అధికారికంగా పనికిరావు. ఆఫీసులూ కాలేజీలూ వదిలించుకుంటున్న డబ్బాలు పాతసామాన్ల కొట్లలోనూ రిపేరు షాపుల వెనకగదుల్లోనూ పేరుకుని ఉన్నాయి. వాటిలో చాలావాటిలోని భాగాలూ, రేపు మీరు కొనబోయేవీ ఒకే కుదురులో పుట్టాయి. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. అదే స్క్రూ, దాదాపు అదే ప్లగ్గు, బోర్డు కింద అవే ఇత్తడి స్టాండాఫ్‌లు.

దాన్ని విప్పండి. పూర్తిగా విప్పి నేల మీద దుప్పటి పరిచి అన్నీ వరసగా పెట్టండి. మళ్లీ బిగించండి. చూడకుండా చెయ్యగలిగేదాకా చెయ్యండి. వీడియోలు చూస్తే వచ్చేస్తుందనుకునే పిల్లలు ర్యామ్ గుచ్చేటప్పుడు ఎంత బలం పెట్టాలో తెలియక ఆగిపోతారు. టక్కుమని క్లిప్పు పడేదాకా బొటనవేళ్లతో ఎంత నొక్కాలో ఏ వీడియోలోనూ తెలీదు, చేతికే తెలియాలి. ఆ బలం పాత బోర్డు మీద నేర్చుకోవడంలో నష్టమేమీ లేదు.

ఆ తర్వాత అది ఎందుకు చచ్చిపోయిందో కనిపెట్టండి. బోర్డు మీద కెపాసిటర్ల నెత్తి ఉబ్బిందా చూడండి. రూపాయి బిళ్లలాంటి సీఆర్2032 సెల్‌ను మీటరుతో కొలవండి. 3 వోల్టులు ఉండాలి, బాగా తగ్గిపోతే మార్చండి. ర్యామ్ కాళ్లు నల్లబడ్డాయా చూడండి. చెరువుల పక్క ఇళ్లలో ఇది ఎక్కువ. చెరువు అడుగున కుళ్లే బురద నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ రాగినీ వెండినీ నల్లబరుస్తుంది. పెన్సిలు రబ్బరుతో రుద్దడం మన రిపేరు షాపుల పాత అలవాటు. అది పూతను కూడా కొంత లేపేస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడవడం మేలు. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద ప్లగ్గులో ఆకుపచ్చ వైరునూ ఏదైనా నల్ల వైరునూ ఒక చిన్న తీగముక్కతో కలిపితే అది బోర్డు లేకుండానే లేస్తుంది. పసుపు వైరు మీద 12, ఎరుపు మీద 5, నారింజ మీద 3.3 వోల్టులు రావాలి. అయిదు శాతం అటూ ఇటూ ఉండొచ్చు. 12 వోల్టుల లైను 11.4 కంటే కిందికి దిగిపోయిందంటే దాన్ని పక్కన పెట్టేయండి.

ఒక్క హద్దు మాత్రం దాటకండి. ఎస్ఎంపీఎస్ డబ్బాను విప్పవద్దు. ప్లగ్గు పీకాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు. ఈ పిచ్చిపనులన్నిటికీ నేను బాధ్యత తీసుకుంటాను కానీ దానికి తీసుకోను.

కావాలని చెడగొట్టండి

మెషీన్ నడిచిందంటే అసలు చదువు అప్పుడు మొదలవుతుంది. నడుస్తున్నదాన్ని ఎందుకు కెలుకుతావురా అని ఇంట్లో పెద్దవాళ్లు అంటారు. వాళ్లకు నచ్చజెప్పి కెలకండి. పవర్ ఆపి, ప్లగ్గు పీకి, ఒక్కో తప్పూ చేసి, మళ్లీ ఆన్ చేసి, అది ఎలా ప్రవర్తించిందో నోటుపుస్తకంలో తెలుగులో రాసుకోండి.

ర్యామ్ తీసేసి ఆన్ చేస్తే కొన్ని బోర్డులు పదేపదే బీప్ అంటాయి, కొత్త బోర్డుల్లో ర్యామ్ పేరున్న చిన్న లైటు వెలుగుతుంది. ప్రాసెసర్ దగ్గరుండే నాలుగు లేక ఎనిమిది పిన్నుల ప్లగ్గు తీసేస్తే ఫ్యాన్లన్నీ తిరుగుతాయి, తెర మీద మాత్రం ఏమీ రాదు. కొత్తగా కట్టినవాళ్లు బోర్డు పోయిందని భయపడేది ఎక్కువగా ఈ ఒక్క ప్లగ్గు మరిచిపోయినందుకే. కూలర్ మీది ఫ్యాను తీగ పీకితే ఫ్యాన్ ఎర్రర్ అని తెర మీద రావచ్చు. అది చూసిన వెంటనే ఆపేయాలి, కూలర్ అసలు లేకుండా ఎప్పుడూ ఆన్ చెయ్యకూడదు. హార్డ్ డిస్కు తీగ తీస్తే బూట్ అయ్యే పరికరం దొరకలేదంటుంది. రెండు ర్యామ్‌లను పక్కపక్క గాడుల్లో పెడితే చాలా బోర్డుల్లో మెషీన్ నడుస్తుంది కానీ నెమ్మదిగా నడుస్తుంది, ఎవరూ చెప్పరు, మీకూ తెలియదు. ఒకదాన్ని వదిలి ఒకటి, రెండో గాడిలోనూ నాలుగో గాడిలోనూ పెట్టినప్పుడు రెండు దారుల్లో నడుస్తుంది. ముందువైపు పవర్ బటన్ సన్నతీగలు రెండూ తీసేసి, ఆ రెండు పిన్నుల్నీ స్క్రూడ్రైవరు మొనతో ఒక్క క్షణం తాకించి ఆన్ చేసి చూడండి. బటన్ చెడిపోయిన రోజున ఇది మీకు అక్కరకొస్తుంది.

ఇలా చేసి రాసుకున్న పుస్తకం ఎంత పెద్ద వీడియో కంటే కూడా విలువైనది. ఎందుకంటే రేపు కొత్త మెషీన్ కట్టాక తెర నల్లగా ఉంటే మీరు కంగారు పడరు, పుస్తకం తిప్పుతారు. కంప్యూటరు కట్టడమంటే బిగించడం అనుకుంటారు. బిగించడం ఒక పూట పని. బిగించినది లేవనప్పుడు ఎక్కడ చూడాలో తెలియడమే విద్య. ఈ విద్య వచ్చిన పిల్లవాడు తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో చేరినా, మామూలు డిగ్రీతో ఆగిపోయినా, ఊళ్లో పది ఇళ్లకు పనికొస్తాడు. మన దగ్గర ఈ విద్యకు వయసు చాలా ఉంది. 1967లో హైదరాబాద్‌లో మొదలైన ప్రభుత్వ సంస్థ ఈసీఐఎల్, ట్రాంబే అణు పరిశోధన కేంద్రం శాస్త్రజ్ఞులు రూపొందించిన టీడీసీ-12 లాంటి కంప్యూటర్లను తెలుగు నేల మీదే తయారుచేసింది. తర్వాత ఎంతోమంది కుర్రాళ్లు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లి భాగాలు కొనుక్కొచ్చి తమ ఊళ్లలో బిగించారు.

అందమైన కేబినెట్ వద్దు

అద్దం తలుపు, లోపల తిరిగే రంగుల లైట్లు. వాటిని ముందుపెట్టి అమ్ముతారు. మన డెల్టాకు అది సరిపడదు. ముందువైపు అద్దం ఉంటే గాలి లోపలికి పోదు. గది 40 డిగ్రీలు ఉన్నప్పుడు ఏ కూలరూ లోపలి వేడిని 40 కంటే కిందికి దించలేదు. 28 డిగ్రీల గదిలో 70 దగ్గర నడిచే ప్రాసెసర్ ఇక్కడ మే నెలలో అదే పనికి 80 దాటుతుంది, గాలి ఆడకపోతే ఇంకా పైకి పోయి తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది. మీరు ఎక్కువ డబ్బు పెట్టి కొన్న వేగం అక్కడే ఆవిరైపోతుంది.

ఇక లైట్లు. వరి కోతల ముందు రోజుల్లో సాయంత్రం దీపం వెలిగిస్తే పచ్చదోమ ఎలా కమ్ముతుందో డెల్టాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కేబినెట్ లోపల వెలిగేదీ దీపమే. పురుగు వస్తుంది, పురుగు వెనకే బల్లి వస్తుంది. బల్లి ఎస్ఎంపీఎస్ ఫ్యాను సందులోంచి దూరి లోపల చస్తే షార్ట్ అవుతుంది. ముందంతా సన్నజాలీ ఉన్న నల్లరేకు డబ్బా కొనండి. జాలీ తీసి కడుక్కోగలిగేలా ఉండాలి, నెలకొకసారి కడగాలి. వెనక ఖాళీగా ఉన్న సందులన్నిటికీ రేకుముక్కలు బిగించి ఉన్నాయో లేదో చూసుకోండి.

మెషీన్‌ను నేల మీద పెట్టకండి. బుడమేరూ తమ్మిలేరూ కొల్లేటిలో కలుస్తాయి, నీళ్లన్నీ బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచాక, ఆ నీళ్లు కొల్లేటికి చేరి లంక గ్రామాల్లోకి ఎక్కాయి. వరద లేని ఏడాదిలో కూడా గచ్చు చెమ్మగిల్లుతుంది. కేబినెట్టూ యూపీఎస్సూ స్విచ్‌బోర్డూ మూడూ బల్ల ఎత్తులో ఉండాలి.

గుడ్డ కప్పడం మానేయండి

వానాకాలంలో దుమ్మూ తేమా పడకుండా కంప్యూటరు మీద గుడ్డ కప్పి వారాల తరబడి ఆపేసి ఉంచుతారు. పాడైపోతుందని జాగ్రత్త పడి చేసే ఈ పని వల్లే చాలా మెషీన్లు పాడవుతాయి. తేమ గుడ్డ కింద ఆగిపోతుంది. రోజుకు ఒక గంట నడపండి. లోపలి వేడికి తేమ ఆరిపోతుంది, బోర్డుకు అంతకంటే మంచి మందు లేదు. ఊరికి వెళ్లేటప్పుడు పక్కింటివాళ్లకు తాళం ఇచ్చి మరీ ఆన్ చేయించమంటాను.

ఏసీ గది ఉన్నవాళ్లకు ఇంకో మాట. రాత్రంతా ఏసీలో చల్లబడిన మెషీన్ ఉన్న గదిలో పొద్దున్నే కిటికీలు తెరిస్తే బయటి తడిగాలి తగిలి, చల్లని సీసా బయట పట్టినట్టే లోపలి రేకు మీదా నీరు పడుతుంది. కిటికీ తెరిచాక అరగంట ఆగి ఆన్ చెయ్యండి.

గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనకండి

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. చదువుకూ, ప్రోగ్రాములు రాయడానికీ, ఫొటోలు సర్దుకోవడానికీ ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ సరిపోతుంది. 2021లో వచ్చిన రైజెన్ 5 5600జీ లాంటిది చిన్నాచితకా ఆటలు కూడా ఆడిస్తుంది. పేరు చివర అక్షరం మాత్రం చూసుకోండి. ఎఫ్ అని ఉన్న ఇంటెల్ ప్రాసెసర్లలో గ్రాఫిక్స్ ఉండదు. ఏఎమ్‌డీ ఏఎమ్4 సాకెట్ రైజెన్లలో జీ ఉన్నవాటిలోనే ఉంటుంది. ఈ ఒక్క అక్షరం తెలియక మెషీన్ అంతా బిగించి తెర రాలేదని ఏడ్చినవాళ్లున్నారు. కార్డు తర్వాత ఎప్పుడైనా గుచ్చుకోవచ్చు, దానికోసం గాడి ఖాళీగానే ఉంటుంది.

కొంచెం ఎక్కువ ధరకు, మీ వీధిలో కొనండి

ఆన్‌లైన్‌లో వెయ్యి తక్కువకు వస్తుందని ఆ భాగం అక్కడా ఈ భాగం ఇక్కడా తెప్పించకండి. కొత్తగా కట్టేవాడికి అన్నిటికంటే కష్టమైన రోజు, అన్నీ బిగించాక మెషీన్ లేవని రోజు. బోర్డుదా, ర్యామ్‌దా, ప్రాసెసర్‌దా తప్పు? తేల్చాలంటే మరో బోర్డు, మరో ర్యామ్ చేతిలో ఉండాలి. అవి కొట్టువాడి దగ్గరే ఉంటాయి. ఏలూరు ఆర్.ఆర్.పేటలోనో తాడేపల్లిగూడెం మెయిన్ రోడ్డులోనో, రేపు మీరు మోసుకెళ్లి బల్ల మీద పెడితే విసుక్కోకుండా చూసే మనిషిని వెతుక్కోండి. కొనే ముందు ఒక మాట అడగండి: "బాబాయ్, లేవకపోతే ఇక్కడే విప్పి చూస్తారా?" ఆయన ఒప్పుకుంటే ఆ వెయ్యి ఆయనకు ఇవ్వడం న్యాయం. ఏలూరు నుంచి విజయవాడ 60 కిలోమీటర్లు. ఒక్కో వారంటీ పనికి రానూపోనూ బస్సు చార్జీలూ, పోయిన పూటా లెక్కేస్తే ఆ వెయ్యి ఎప్పుడో తీరిపోతుంది.

వాడిన భాగాలు కొనేటప్పుడు కూడా లోకం ఒప్పుకోని మాట ఒకటి చెబుతాను. సెకండ్‌హ్యాండ్ ప్రాసెసర్ నిర్భయంగా కొనండి. కంప్యూటర్లో అన్నిటికంటే తక్కువగా చెడిపోయేది అదే. పిన్నులు వంగలేదని, ఎదురుగా నడిపించి చూశారని తేలితే చాలు. ఎస్ఎంపీఎస్, హార్డ్ డిస్కు, ఎస్ఎస్‌డీ మాత్రం ఎంత చవకైనా పాతవి తీసుకోవద్దు. 2025 చివరినుంచి ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ప్రపంచమంతటా పెరిగాయి. ఇంట్లో డీడీఆర్4 ర్యామ్ ఉంటే దానికి సరిపోయే బోర్డు వెతకడం తెలివైన పని. డీడీఆర్5 గాడిలో డీడీఆర్4 పట్టదు, మధ్యలో గంటు వేరేచోట ఉంటుంది. బలవంతం చెయ్యకండి.

ఇప్పుడు ప్రాసెసర్

యూపీఎస్, ఎస్ఎంపీఎస్, కేబినెట్, మానిటర్, ఎస్ఎస్‌డీ ఒక్కొక్కటే నెలకొకటి చొప్పున కొనండి. పాత మెషీన్ ఇంట్లో ఉంది కాబట్టి ప్రతిదాన్నీ కొన్నరోజే దానికి తగిలించి పరీక్షించుకోవచ్చు. మార్చుకునే గడువులోపలే లోపం బయటపడుతుంది. చివరికి బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ మూడూ ఒకే రోజు కొనాలి. ఒకటి లేకుండా ఇంకొకటి బతికుందో లేదో తెలీదు కాబట్టి.

ఆ మూడింట్లో కూడా ముందు బోర్డు. ఏఎమ్4 సాకెట్ పాతది, చవక. 2022లో వచ్చిన ఏఎమ్5కు 2027 దాకానైనా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎమ్‌డీ చెప్పింది, కాబట్టి మూడేళ్ల తర్వాత ప్రాసెసర్ ఒక్కటే మార్చుకుందామనుకునేవాళ్లకు అది మేలు. బోర్డు ఎంచుకున్నాక దాని బయోస్, అంటే బోర్డును మేల్కొలిపే ప్రోగ్రాము, మీరు కొనబోయే ప్రాసెసర్‌ను గుర్తుపడుతుందో లేదో కొట్లోనే అడగండి. గుర్తుపట్టకపోతే అక్కడే అప్‌డేట్ చేయించండి. ఇక జేబులో మిగిలినదెంతో చూసి, ఆ డబ్బుకు వచ్చే ప్రాసెసర్ తీసుకోండి. ఒక మెట్టు కిందిదైనా బాధపడకండి. నికరమైన కరెంటు, ఆడే గాలి ఉన్న చిన్న ప్రాసెసర్ మన ఊళ్లో పెద్దదాని కంటే ఎక్కువకాలం, ఎక్కువ పని చేస్తుంది.

బిగించే పని ఉదయాన్నే పెట్టుకోండి. స్థిరవిద్యుత్తు గురించి అందరూ భయపెడతారు. మన తేమలో దానికంటే చెమట ప్రమాదం ఎక్కువ. చెమటలో ఉప్పుంటుంది, బంగారు పూత మీద వేలిముద్ర పడితే అక్కడే మచ్చ కడుతుంది. పక్కన పొడి తువ్వాలు పెట్టుకుని మాటిమాటికీ చేతులు తుడుచుకోండి, భాగాలను అంచులతోనే పట్టుకోండి. కేబినెట్‌లో ముందే పెట్టకండి. బోర్డు వచ్చిన అట్టపెట్టె మీదే బోర్డు పరిచి, ప్రాసెసర్, కూలర్, ఒక ర్యామ్ పెట్టి, ఎస్ఎంపీఎస్ తగిలించి, తెర వచ్చేదాకా చూడండి. డబ్బాతో వచ్చే కూలర్ అడుగున పేస్టు ముందే రాసి ఉంటుంది, దాని మీద మళ్లీ రాయకండి. డీడీఆర్5 బోర్డయితే మొదటిసారి ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. భయపడి మధ్యలో ఆపేయకండి. తెర వచ్చాక లినక్స్ పెన్‌డ్రైవ్ పెట్టి, ర్యామ్ పరీక్ష ఒక రాత్రంతా నడిపించి, ఏరేటర్లు తిరిగే వేళ కూడా అది ఆగకుండా నిలబడిందని చూసుకున్నాకే కేబినెట్లోకి ఎక్కించండి.

బిల్లు మీద కొట్టు జీఎస్‌టీ నంబరూ ప్రతి భాగం సీరియల్ నంబరూ ఉండేలా రాయించుకోండి. ప్రాసెసర్‌కు సాధారణంగా మూడేళ్లు, మంచి ఎస్ఎంపీఎస్‌లకు అయిదేళ్లు, ఒక్కోసారి అంతకుమించీ వారంటీ ఉంటుంది. మిషన్‌లోంచి వచ్చే నున్నటి కాగితం బిల్లు మన ఎండకు ఏడాది తిరక్కుండానే తెల్లబడిపోతుంది. ఆరోజే జిరాక్స్ తీయించి, ఫోన్లో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకరికి పంపి ఉంచండి. ఖాళీ పెట్టెలు అటక మీద పడేస్తే చెదలు పడతాయి. సీరియల్ నంబరున్న అట్టముక్కలు కత్తిరించి, మీరు తప్పులు రాసుకున్న ఆ నోటుపుస్తకంలోనే అంటించండి.